అడ్మిషన్ రిజిస్టరులో ఉండి, ఈ సభలో లేనివాళ్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1978 పదో తరగతి బ్యాచ్. మూడున్నర దశాబ్దాలకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. 'ఉపాధ్యాయ వృత్తిలో మీ అనుభవాలు చెప్పండి' అని నిర్వాహకులు అడిగారు. సాధారణంగా ఇలాంటి చోట మనం గెలిచిన కథలే చెప్పుకుంటాం. నేను మాత్రం నేను ఓడిపోయిన కథ ఒకటి చెబుతాను. దానికీ ఈ సభకూ సంబంధం ఉంది.

నిన్న సాయంత్రం ఈ సంచిక కోసం తెచ్చిన పాత గ్రూపు ఫోటోలు చూశాను. మా బ్యాచ్ ఫోటో కూడా ఉంది. ఆరో తరగతిలో నా చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మంది అందులో లేరు. మన సంఘం జాబితా అంతా పదో తరగతి ఫోటోల నుంచే తయారైంది కాబట్టి, ఆ ఫోటోలో లేనివాళ్లు జాబితాలోనూ లేరు, ఈ సభలోనూ లేరు. కొందరు పేదరికం వల్ల మానేశారు. ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. కొందరు పొలానికి పోయారు. ఇవన్నీ మనకు తెలిసిన కారణాలే. కానీ ఇంట్లో జరుగుబాటు ఉండి, రోజూ బడికి వచ్చి, బుద్ధిగా కూర్చుని, అయినా చదవడం రాక మానేసినవాళ్లు కొందరున్నారు. ఇవాళ నేను మాట్లాడేది వాళ్ల గురించి.

1995లో నేను మన పల్నాడులోనే మరో మండలంలో, ఒక హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఏడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. పద్యం ఒకసారి వింటే వాడికి వచ్చేసేది. నోటిలెక్కల్లో వాడే ముందు. నేను కథ చెబితే మర్నాడు నాకన్నా బాగా చెప్పేవాడు. పుస్తకం తియ్యమంటే మాత్రం కడుపునొప్పి, మంచినీళ్లు, పెన్సిలు చెక్కుకోవడం, ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

ఒకరోజు లేచి పాఠం చదవమన్నాను. గడగడా చదివాడు. ఒక్క తప్పు లేదు. సంతోషపడి దగ్గరికి వెళ్లి చూస్తే, చేతిలో తెరిచి ఉన్న పేజీ వేరే పాఠానిది. ముందురోజు నేను చదివింది విని, దాన్నే అప్పజెప్పాడు. నాకు నవ్వొచ్చింది. 'ఏరా, నీకు పుస్తకంతో పనే లేదా?' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. అంతటితో ఆగకుండా ఆ పేరా యాభైసార్లు రాసుకు రమ్మన్నాను.

మర్నాడు తెచ్చాడు. రాత్రంతా రాసి ఉంటాడు. మొదటి వరసలో 'అమ్మ' అన్న చోట 'అమ' అని ఉంది. యాభైసార్లూ 'అమ' అనే ఉంది. నా మాటంటే లెక్కలేదనుకుని స్కేలుతో అరచేతి మీద కొట్టాను. ఆ ఏడు సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. మిరప కోతల రోజులు, అమ్మానాన్నలతో కోతలకు పోయి ఉంటాడులే అనుకున్నాను. వాళ్లిల్లు బడికి అర కిలోమీటరు కూడా ఉండదు. వెళ్లి అడగలేదు. రోజూ హాజరుపట్టీలో ఆబ్సెంటు వేసుకుంటూ పోయాను. ఏడో తరగతి కామన్ పరీక్షలు రాకముందే వాడి పేరు కొట్టేశాం.

ఇది 1995 నాటి మాట. దానికి 99 ఏళ్ల ముందే, 1896లో, ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక పధ్నాలుగేళ్ల కుర్రవాడి గురించి రాశాడు. తెలివైనవాడు, ఆటల్లో చురుకైనవాడు, చూపు బాగానే ఉంది, ఏళ్ల తరబడి చెప్పించారు, అయినా చదవలేడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే ఈ కుర్రవాడే బడి మొత్తానికి చురుకైనవాడు అయ్యేవాడని అతని మాస్టారు అన్నారట. అచ్చంగా నా క్లాసులోని పిల్లవాడే. అంతకు ముందే రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు ఇలాంటి ఇబ్బందికి డిస్లెక్సియా అని పేరు పెట్టాడు. గ్రీకులో 'డిస్' అంటే కష్టం, 'లెక్సిస్' అంటే మాట. మన దగ్గర దానికి మొద్దు, మట్టిబుర్ర, శుంఠ అని పేర్లు ఉండేవి. వాటిలో నేను వాడనిది లేదు.

2007 చివర్లో 'తారే జమీన్ పర్' అనే హిందీ సినిమా వచ్చింది. తర్వాత ఎప్పుడో టీవీలో చూశాను, ఏడ్చాను కూడా. అయినా అది పట్నాల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకు వచ్చే ఇబ్బంది అనుకున్నాను. తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం కదా, మనవాళ్లకు ఎందుకొస్తుంది అనుకున్నాను.

2016 దసరా సెలవుల్లో సత్తెనపల్లిలో మా ఇంటి గుమ్మం ముందు ఒక మనిషి, పక్కన ఎనిమిదేళ్ల ఆడపిల్ల నిలబడి ఉన్నారు. 'నన్ను గుర్తుపట్టారా టీచరమ్మగారూ?' అన్నాడు. గుర్తుపట్టలేదు. తనే చెప్పాడు. గుంటూరు మిర్చి యార్డులో ముఠా పనిచేస్తున్నాడట. ఏ లాటు ఎక్కడ దించాడో, అందులో ఎన్ని టిక్కీలో సాయంత్రం దాకా కాగితం లేకుండా చెబుతాడట. కాయ వాసన చూసి తేజానా మరోటా చెప్పేయగలడట. సంతకం మాత్రం ఇప్పటికీ గీతలు గీసినట్టే చేస్తాడట. ఇవన్నీ నవ్వుతూ చెప్పి, పిల్ల తల మీద చెయ్యి వేశాడు. 'దీనికి కూడా నాదే వచ్చిందండీ. మూడో తరగతి. అక్షరాలు నిలవటంలా. మీరు నన్ను కొట్టారు, అది మర్చిపోయా. క్లాసంతా నవ్వారు చూడండి, అది మర్చిపోలేకపోయా. దీన్ని ఎవర్నీ నవ్వనీయమాకండి.'

ముప్ఫై ఏళ్లకు దగ్గరపడుతున్న నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద మార్కు అదే. అది సున్నా.

'నాదే వచ్చింది' అన్నాడు చూశారా, ఆ మాటలో శాస్త్రం ఉంది. డిస్లెక్సియా కుటుంబాల్లో దిగివస్తుంది. ఇది బద్ధకం కాదు, పెంపకంలో లోపం కాదు, తెలివి తక్కువతనం అంతకన్నా కాదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకుని, వాటిని అక్షరాలతో ముడిపెట్టే పని మెదడు కొంచెం వేరేగా, నిదానంగా చేస్తుంది. అంతే. వందమంది పిల్లల్లో అయిదు నుంచి పదిమందికి ఎంతో కొంత ఉండవచ్చని అంచనా. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి నలుగురి దాకా. మందులతో పోయేది కాదు, కానీ సరైన పద్ధతిలో చెబితే ఆ పిల్లలు చదవడం నేర్చుకుంటారు.

ఇక మన తెలుగు సంగతి. ఇంగ్లీషుకు ఉన్న తంటా వేరు. అక్కడ 'బట్' ఒకలా పలికి 'పుట్' ఇంకోలా పలకాలి. మనకు ఆ బాధ లేదు కానీ మన బాధ మనకుంది. వాళ్లకు 26 అక్షరాలు. మనకు హల్లులు ముప్ఫై అయిదు అనుకుని, ఒక్కోదానికి గుణింతంలో పన్నెండు రూపాలే లెక్కేసినా 420 అయ్యాయి. ఒత్తులు వేరు. ప, వ, ష, మ, య, న, స, ద, ధ, థ – చిన్న గీతతోనో చుక్కతోనో మారిపోతాయి. 'స్త్రీ' అని రాస్తే ఒక్కచోట పైనా కిందా కలిపి నాలుగు ధ్వనులు ఉన్నాయి. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు పనిచేశారు. మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, ఆ తర్వాత కూడా సమయం పడుతుందని ఆమె 2007లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. మనమేమో ఒకటో తరగతి అయ్యేసరికి గుణింతాలు రావాలంటాం.

అందుకే తెలుగులో డిస్లెక్సియా కనిపించే తీరు వేరు. ఆ పిల్లలు తప్పు చదవడం కన్నా చాలా నెమ్మదిగా చదువుతారు. కూడబలుక్కుని వరస చివరికి వచ్చేసరికి మొదటి మాట మర్చిపోతారు. రాతలో ఒత్తులు జారిపోతాయి. 'అక్క' 'అక' అవుతుంది. సున్నా ఎగిరిపోయి 'పండు' 'పడు' అవుతుంది. దీర్ఘాలు పోతాయి. అంటే నా శిష్యుడు యాభైసార్లు రాసిన 'అమ' నన్ను లెక్కచేయకపోవడం కాదు. వాడికి ఆ ఒత్తు అంది రాలేదు. యాభైసార్లు రాయించి నేను ఆ తప్పునే గట్టిపరిచాను.

ఆ పిల్లకు రెండేళ్లపాటు శని, ఆదివారాలు మా ఇంట్లో చెప్పాను. పుస్తకాలు తెప్పించుకుని చదివాను. మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి సహిత విద్య ఉపాధ్యాయిని దగ్గర నేను విద్యార్థినై కూర్చున్నాను. ఉపాధ్యాయులకు పనికొస్తాయని నేను చేసినవి చెబుతాను.

మొదట పుస్తకం మూసేశాం. నెలరోజులు చెవితోనే పని. 'పలక' అంటే మూడు చప్పట్లు. 'పలకలో ప తీసేస్తే?' 'లక.' అది ఆటలా సాగింది. తర్వాత అక్షరాలు. వర్ణమాల వరసలో కాదు. ఒకేలా కనిపించే ప, వ, ష మూడింటినీ ఒక్క వారంలో చెప్పలేదు. ఒకటి బాగా స్థిరపడ్డాకే రెండోది. పళ్లెంలో ఇసుక పోసి, పైకి పలుకుతూ వేలితో దిద్దించాను. చింతగింజలతో పేర్పించాను. చూపు, చెవి, చెయ్యి మూడింటినీ కలిపి నేర్పే ఈ పద్ధతిని 1930ల్లో అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరు, గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయిని డిస్లెక్సియా పిల్లల కోసం ఒక క్రమంలో పెట్టారు. చదువుతుంటే నాకు మా తాతగారు బియ్యంలో ఓనమాలు దిద్దించడం గుర్తొచ్చింది. అక్షరాభ్యాసం రోజున ఒక్కరోజు చేసి వదిలేసిన పని ఈ పిల్లలకు ఏళ్ల తరబడి కావాలి.

ఒత్తులు చివర చెప్పాను. ముందు అమ్మ, అక్క, అన్న లాంటివి. అవి వచ్చాక పద్మ, భక్తి లాంటివి. చదివేటప్పుడు కింది వరస కళ్లను లాగేయకుండా ఒక అట్టముక్కకు సందు కోసి ఇచ్చాను. ఒక్క వరసే కనపడుతుంది. పాత పెళ్లి శుభలేఖ కత్తిరించి చేసింది, ఖర్చు లేదు. ఇక బడిలో వాళ్ల టీచరుగారిని మూడే మూడు కోరాను. పదిమంది ముందు అప్పటికప్పుడు లేపి చదివించవద్దని, చదివించాలనుకుంటే ఏ పేరానో ముందురోజే చెప్పమని. బోర్డు మీది పాఠం మొత్తం కాకుండా సగం రాసుకున్నా ఒప్పుకోమని. సైన్సు, సోషలు జవాబుల్లో విషయం ఉంటే అక్షరదోషాలకు మార్కులు కొయ్యవద్దని. ఆవిడ మంచి మనిషి. మూడూ చేశారు.

ఇక చట్టం సంగతి, కాగితాల సంగతి. ఇది తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయులు జాగ్రత్తగా వినాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, అందులో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అని చేర్చింది. డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. ఇలాంటి పిల్లలను వీలైనంత ముందుగా గుర్తించి, తగిన బోధన అందించాలని ఆ చట్టం బడులకు చెబుతోంది. అంటే ఇప్పుడు ఇది దయ కాదు, హక్కు. 2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు వచ్చాక మొదటిసారి పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వవచ్చని చెప్పాయి. ముందు కళ్లు, చెవులు చూస్తారు. తర్వాత తెలివితేటల పరీక్ష, ఆపైన చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు. మళ్లీ పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట చూడాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి.

మేము ఆ సర్టిఫికెట్ కోసం ఒక ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి 'కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, దేనికి సదరం?' అన్నారు. తిరిగిన ప్రతిసారీ ఆ తండ్రికి ఒకరోజు కూలి పోయింది, ఇద్దరికీ బస్సు చార్జీలు అయ్యాయి. మూడోసారి నేను చట్టం కాపీ పట్టుకుని వెంట వెళ్లాను. పని అయింది. చదువుకున్న మనిషి పక్కన నిలబడితే అయ్యే పని అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆ సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి సౌకర్యాలు కోరవచ్చు. కానీ నామినల్ రోల్స్ వెళ్లేటప్పుడే ప్రధానోపాధ్యాయులు ప్రతిపాదన పంపాలి. ఫిబ్రవరిలో గుర్తుకొస్తే లాభం లేదు. మా అమ్మాయి సహాయకుడు వద్దంది. 'నేనే రాస్తా, టైమిస్తే చాలు' అంది. 2024లో పదో తరగతి పాసైంది. తెలుగులోనే తక్కువ మార్కులు వచ్చాయి, నేను చెప్పిన సబ్జెక్టే. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది. కానీ చదువుతుంది. వాళ్ల నాన్న ఫోను చేసి ఏమీ మాట్లాడలేక పెట్టేశాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చదవలేని ప్రతి పిల్లకూ డిస్లెక్సియా ఉన్నట్టు కాదు. మన మండలంలో పులిచింతల కింద ఊళ్లు మునిగి, పునరావాస కాలనీలకు వెళ్లిన కుటుంబాలున్నాయి. అలా ఊరు మారి, బడి మారి, మధ్యలో చదువు తెగినవాళ్లు ఉంటారు. మిరప కోతలకు అమ్మానాన్నల వెంట వెళ్లి నెలలకు నెలలు బడి పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు బడి అందలేదు, అందితే తొందరగానే పుంజుకుంటారు. చూపు మందగించినవాళ్లు ఉంటారు, కళ్లజోడు చాలు. రోజూ బడికి వచ్చి, నోటితో అన్నీ చెబుతూ, అక్షరం దగ్గర మాత్రమే ఆగిపోయేవాళ్లను వేరుగా చూడాలి. ముద్ర వెయ్యడం మన పని కాదు, అది పరీక్షించే నిపుణుల పని. అనుమానించడం మాత్రం మన పనే. అది మూడో తరగతిలో జరగాలి. హైస్కూలుకు వచ్చేసరికి ఆ పిల్లలు చదవడం నేర్చుకోరు, చదవలేకపోవడాన్ని దాచడం నేర్చుకుంటారు. నా శిష్యుడు ఎంత బాగా దాచాడో చూశారుగా.

ఇప్పుడు సంఘాన్ని రెండు కోరుతున్నాను.

మొదటిది. స్వర్ణోత్సవ నిధిలో అధిక భాగం ముఖద్వారానికి వెళుతుందని విన్నాను. ముఖద్వారం ఉండాల్సిందే, నాకూ ఇష్టమే. దాంట్లోంచి ఏటా కొంత పక్కన పెట్టండి. మన బడికి పిల్లలను పంపే ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి పిల్లలందరి చేత ఏటా ఒకసారి చదివించి, వెనకబడినవాళ్లను భవిత కేంద్రానికి పంపిద్దాం. పరీక్షలకు వెళ్లాల్సిన తండ్రికి బస్సు చార్జీ, ఆరోజు కూలి ఇద్దాం. డబ్బుకన్నా ముఖ్యంగా వెంట ఒక మనిషిని పంపుదాం. ఇక్కడ రిటైరైనవాళ్లు ఇంతమంది ఉన్నారు. ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ఏం అడగాలో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఆ పనికి మొదటి పేరు నాది రాసుకోండి.

రెండోది. ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఈ ఊళ్లోనే ఉంది. ముగ్గుల్లో ఆమె చేతికి ఎదురు లేదు. మాకు లెక్కల చిక్కుముడులు విప్పింది ఆమే. పుస్తకం చదవమంటే మాత్రం ఏడ్చేది. ఏడో తరగతిలో మానేసింది. మొన్న వాళ్లింటికి వెళ్లి సభకు రమ్మని పిలిచాను. 'నేను చదువుకోలేదుగా వదినా, పూర్వ విద్యార్థిని ఎట్లా అవుతాను?' అంది.

ఆమె పేరు మన అడ్మిషన్ రిజిస్టరులో ఉంది. ఫీజు కట్టింది, ప్రార్థనలో నిలబడింది, ఈ చెట్ల కింద మనతో అన్నం తింది. ఆమెకు డిస్లెక్సియా ఉందో లేదో ఇప్పుడు నేను చెప్పలేను. కానీ పదో తరగతి పాసైతేనే పూర్వ విద్యార్థి అని ఏ రిజిస్టరులోనూ రాసిలేదు. కాబట్టి జాబితాను గ్రూపు ఫోటోల నుంచి కాదు, అడ్మిషన్ రిజిస్టరు నుంచి తయారుచేయండి. మధ్యలో మానేసినవాళ్లను కూడా ఇంటికి వెళ్లి పిలవండి. ఎందుకు మానేశారో వాళ్లనే అడగండి. ఆ జవాబులు ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయులకు ఏ శిక్షణ తరగతుల్లోనూ దొరకవు.

వచ్చే ఏడు సభకు ఆమెను నేనే వెంటబెట్టుకుని వస్తానని మాట ఇచ్చాను. నా పక్కన ఒక కుర్చీ వేయించండి.